హోల్డాన్

మేడ్చల్ బస్టాండులో వెనక తలుపు పక్కనే సీటు దొరికింది. దొరక్కపోయినా బాగుండేది. అసలు బస్సే రాకపోయినా, ఆ మాటకొస్తే మేడ్చల్‌కీ శామీర్‌పేటకీ మధ్య ఏ సిమెంటు లారీయో రోడ్డుకు అడ్డంగా పడి మధ్యాహ్నం దాకా ఎవరూ కదలలేకపోయినా ఇంకా బాగుండేదని ఏంజెల్ అనుకుంది. కావాలనుకున్న రోజు గంటసేపు నిలబెట్టే బస్సు, వద్దనుకున్న రోజు చెప్పులేసుకుని గుమ్మంలో ఎదురుచూస్తున్నట్టు నిలబడి ఉంటుంది. పదకొండింటికి కాలేజీలో ప్రమాదం మీద విచారణ కమిటీ. ఇప్పుడు తొమ్మిది నలభై. ఒళ్ళో సంచి, సంచిలో నీలం అట్ట ఫైలు, ఫైలులో మూడు కాగితాలు, మూడో కాగితం అడుగున రెండు గీతలు. మొదటి గీత మీద ప్రాజెక్టులో ఆమె జతగాడు భానుతేజ సంతకం నిన్న సాయంత్రమే పడిపోయింది. అతని సంతకం ఎప్పుడూ అంతే, చివర ఒక తోక, తోక కింద రెండు చుక్కలు, ప్రమాదం గురించి రాసిన కాగితమైనా పెళ్ళి కానుక మీద పేరైనా ఆ తోక మానడు. రెండో గీత ఖాళీ. అది తనది. సంతకానికి రెండు సెకన్లు పడుతుంది. ఆ రెండు సెకన్ల పనికి వారం నుంచి అన్నం సయించడం లేదు. పెడితే వచ్చే వారం వైవా, ఆ తర్వాత ఎం.టెక్. పట్టా, రోబోటిక్స్ అండ్ అటానమస్ సిస్టమ్స్, డిపో వెనక కాలనీలో అలాంటి చదువు చదివిన మొదటి మనిషి. పెట్టకపోతే ప్రాజెక్టు ఆగిపోతుంది, ఏడాది పోతుంది. పెడితే గండయ్య పోతాడు. ప్రాణం పోదు, విరిగింది కాలే, కానీ ఇరవై ఏళ్ళుగా బస్తాలు మోసిన ఆ విత్తనాల గోదాం గేటు లోపలికి అతన్ని మళ్ళీ రానివ్వరు. ఎందుకంటే మూడో కాగితం మీదున్న వాక్యం ప్రకారం తప్పు అతనిది. ఇంగ్లీషులో ఉన్న ఆ వాక్యాన్ని ఆమె వారం రోజులుగా తెలుగులోకి మార్చుకుని మార్చుకుని చదువుకుంటోంది: ప్రమాదానికి కారణం, సదరు పనివాడు శిక్షణలో చెప్పిన ఆదేశాలు కాక తప్పుడు ఆదేశాలు ఇచ్చుట. ఇచ్చుట అట. ఏ భాషలో చదివినా ఆ వాక్యం ఇస్త్రీ చొక్కా వేసుకునే ఉంటుంది.

కండక్టరు ఆడమనిషి. మెడలో టికెట్ల మిషను వేసుకుని, ఆధార్ కార్డులు చూస్తూ, ఒక్కొక్కరికీ డబ్బుల్లేని సున్నా టికెట్టు కొట్టి చేతిలో పెడుతూ ముందుకు జరుగుతోంది. బస్సు నిండా ఆడవాళ్ళే, కంపెనీల్లో ప్యాకింగుకు పోయేవాళ్ళు, టిఫిను డబ్బాలు, మల్లెపూలు, ఎవరిదో ఫోనులో ఎవరితోనో తగాదా. ఆఖరి మనిషి ఎక్కాక కండక్టరు వెనక్కి తిరిగి చూసి, అరచేత్తో సీటు రాడ్డు మీద రెండుసార్లు కొట్టి, రైట్ రైట్ అంది. బస్సు కదిలింది. ఏంజెల్ సంచి దగ్గరికి లాక్కుంది. రైట్ రైట్. మూడు వారాల కిందటి దాకా అది వట్టి మాట. కుడి కుడి అని కాదు, ఈ నేల మీద బస్సెక్కిన ఎవరికైనా తెలుసు, రైట్ రైట్ అంటే అంతా బాగానే ఉంది, ఇక పోనీ అని. హోల్డాన్ అంటే ఆపు అని. ఏ దొర ఏ మోటారు షెడ్డులో వదిలేసి పోయిన మాటలో గానీ, బస్సు కండక్టర్లూ లారీ క్లీనర్లూ గోదాం హమాలీలూ వాటిని ఎత్తుకుని, కడిగి, వాడుకుని, తమవి చేసుకున్నారు. నిఘంటువు ఏమంటుందో వాళ్ళకు పట్టింపు లేదు. ఆమెకు పట్టింపు ఉంది. ఆమెకు ఏడో తరగతి నుంచీ పట్టింపు ఉంది. నాయిన సత్యానందం నడిపించిన బస్సులోనే బడికి పోయేది, అంటే నడిపేది డ్రైవరే, నాయిన కండక్టరు, కానీ ఆయన మాటల్లో ఎప్పుడూ నా బస్సు, నేను నడిపించిన బస్సు. బడి గేటు ముందు స్టేజీ లేదు. అయినా అక్కడికి రాగానే, కూతురి కోసం, బస్సంతా వినబడేలా హోల్డాన్ అనేవాడు, డ్రైవరు ఆపేవాడు, ఆమె దిగేది, ఆమె దిగాక రైట్ రైట్ అనేవాడు. ఆ మర్నాటి నుంచి క్లాసులో ఆమె జవాబు చెప్పడానికి లేస్తే వెనక బెంచీ నుంచి హోల్డాన్, కూర్చుంటే రైట్ రైట్. టీచరు కూడా ఒకసారి నవ్వింది. ఆ నవ్వు ఇప్పటికీ గుర్తుంది, టీచరు పేరు గుర్తు లేదు. పదో తరగతిలో ఆమె ఒక స్టేజీ ముందే దిగి నడిచి పోయేది. ఎందుకమ్మా అని నాయిన అడిగితే, ఒళ్ళు తగ్గాలని చెప్పింది. ఒళ్ళు లేని పిల్ల చెప్పింది, ఆయన నమ్మాడు. ఆమె ఏం చెప్పినా ఆయన నమ్ముతాడు, అదే ఆయనతో వచ్చిన ఇబ్బంది.

ఇదే బస్సు రూటు, ఇవే గుంతలు. కిటికీలోంచి మేడ్చల్ పలచబడుతోంది. ఒక వెంచరు గేటు, గేటుకు అటూ ఇటూ సిమెంటు ఏనుగులు, లోపల ఒక్క ఇల్లూ లేదు. తర్వాత రేకుల షెడ్లు, తర్వాత మక్కచేను ఒక ముక్క, తర్వాత మళ్ళీ షెడ్లు. ఈ షెడ్లను చూసే గదా ప్రాజెక్టు ఆలోచన వచ్చింది. రెండో సెమిస్టరులో ఫణిభూషణ్ సారు, ఆయనే ఆమెకూ భానుతేజకూ గైడు, మీ చుట్టూ ఉన్న దానికి పనికొచ్చేది చేయండమ్మా, ఎక్కడో చేసిన దాన్ని మళ్ళీ చేయకండి అన్నారు. మంచి మాటే అన్నారు. భానుతేజది తూంకుంటలో ఇల్లు, వాళ్ళమ్మానాన్నలు గుంటూరు నుంచి వచ్చి కట్టుకున్నారు, అతనికి గోదాము అంటే గూగుల్ మ్యాపులో బూడిదరంగు డబ్బా. ఏంజెల్‌కి మాత్రం తెలుసు, అందులో ఎవరు మోస్తారో, ఎంత మోస్తారో. కాబట్టి బండి. మంచమంత పొడవు, మోకాలెత్తు, నాలుగు చక్రాలు, ముందు కెమెరా కన్ను, ఒక ఇనప కొయ్య మీద మైకు. ఎనిమిది బస్తాలు మోస్తుంది, అడ్డం వస్తే చూసి తప్పుకుంటుంది, మాట చెబితే వింటుంది. మాటెందుకంటే, హమాలీకి రెండు చేతులూ బస్తా మీదే ఉంటాయి, మీట నొక్కడానికి మూడో చెయ్యి దేవుడివ్వలేదు. ప్రాజెక్టు రిపోర్టులో ఈ వాక్యం ఆమే రాసింది, దేవుణ్ణి తీసేసి మిగతాది సారు ఉంచారు. నాలుగే మాటలు: గో, స్టాప్, లెఫ్ట్, రైట్. ఒక్కో మాటా కొన్ని వేలసార్లు రకరకాల గొంతులతో వినిపిస్తే అప్పటికి బండికి చెవి వస్తుంది. వినిపించింది ఎవరు? క్లాసులో ముప్పైమంది, వాళ్ళ హాస్టలు రూమ్మేట్లు, భానుతేజ వాళ్ళ అపార్టుమెంటులో అంకుల్సూ ఆంటీలూ. గోదాం గొంతులు కావాలి కదా అని ఆమే అంది. అని, అందరికంటే ముందు ఇంట్లో ఉన్న గొంతు దగ్గరికి పోయింది.

నాయిన రిటైరై అప్పటికి ఎనిమిది నెలలు. ఆదివారం చర్చి, మిగతా ఆరు రోజులు అరుగు. ఆదివారం మధ్యాహ్నం నీ గొంతు కావాలి నాయినా, రికార్డు చేసుకుంట అనగానే, ఒక్క నిమిషం అని లోపలికి పోయాడు. పది నిమిషాలైనా రాడేమిటని చూస్తే, ఖాకీ చొక్కా తొడుక్కుని, బొత్తాలు పెట్టుకుని, తల దువ్వుకుని వచ్చి కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. ఫొటో కాదు నాయినా, గొంతే అంటే, గొంతు గూడ డ్రెస్సుల ఉంటేనే వస్తది బిడ్డా అన్నాడు. నలభైసార్లు గో అన్నాడు, నలభైసార్లు ఇష్టాపు అన్నాడు, లెఫ్టు అన్నాడు, రైట్ దగ్గరకొచ్చేసరికి ప్రతిసారీ రెండుసార్లు అన్నాడు, రైట్ రైట్. ఒక్కసారే అనాలి అని చెబితే నాలుక మడత పడినట్టు ఆగాడు.

“రైట్ అని ఒక్కసారి అంటే ఎవ్వలు కదుల్తరు బిడ్డా,” అన్నాడు. “ఇంక స్టాప్ అని గూడ ఎవ్వలంటరు. బండి కాడ పనిజేసేటోళ్ళు హోల్డాన్ అంటరు గని. అది వెట్టినవా లేదా?”

ఆమె నవ్వింది. చూద్దాంలే అంది. ఆయన ఊరుకోలేదు, ఆమె అడగకుండానే ఫోను తన వైపు తిప్పుకుని హోల్డాన్, హోల్డాన్ అని ఇరవైసార్లు చెప్పాడు, ఒకటి గట్టిగా, ఒకటి మెల్లగా, ఒకటి తొందరగా, ఒకటి జనం నిండా ఉన్న బస్సులో చెప్పినట్టు. ముప్పై ఏళ్ళ ఉద్యోగమంతా అందులో ఉంది. ఆ రాత్రి ఆమె ఫైళ్ళు శుభ్రం చేసింది. వీళ్ళ చదువులో దాన్ని అలాగే అంటారు, డేటా శుభ్రం చేయడం. ల్యాప్‌టాపులో చెత్త అని ఒక ఫోల్డరు, దగ్గులు, కుక్కల అరుపులు, కుక్కరు కూతలు, అన్నీ అందులో పోతాయి. నాయిన చెప్పిన హోల్డాన్‌లు ఇరవై, రైట్ రైట్‌లు నలభై, ఒక్కొక్కటిగా ఎత్తి అందులో వేసింది. జాబితాలో లేని మాట కాబట్టి వేశానని ఇప్పుడు ఎవరికైనా చెప్పవచ్చు. నిజం అది కాదు. జాబితా రాసిందే ఆమె, ఐదో మాట చేర్చడానికి ఒక పూట పని. సారు ముందర, భానుతేజ ముందర, తెర మీద ఆ మాట పడుతుంది, ఇదేంటి అని అడుగుతారు, చెప్పాలి, అప్పుడు వెనక బెంచీ నుంచి ఏడో తరగతి మళ్ళీ నవ్వుతుంది. సిగ్గుపడింది. అంతే. నాయిన గొంతుకు సిగ్గుపడి చెత్తలో వేసింది. ఇంకే పెద్ద కారణమూ లేదు, ఉంటే బాగుండేది.

బస్సు ఒక స్టేజీలో ఆగింది, నలుగురు దిగి పదిమంది ఎక్కారు. ఖాళీ ఆకుకూరల గంప పట్టుకున్న ముసలామె ఒకతె వచ్చి ఏంజెల్ పక్కన నిలబడింది. ఏంజెల్ లేవబోతే, గీడనే దిగుత బిడ్డా, రెండు స్టేజీలే అని భుజం మీద చెయ్యేసి కూర్చోబెట్టింది. ఆ చేతికి మెంతికూర వాసన. కిటికీలో ఇప్పుడు ఆ విత్తనాల గోదాం వస్తుంది, చూడకూడదనుకుంది, చూసింది. నీలం రంగు గేటు. గేటు పక్కన రాయి, ఆ రాయి మీద కూర్చుని గండయ్య అంబలి తాగేవాడు. యాభై దాటిన మనిషి, సన్నగా ఉంటాడు, ఎనభై కిలోల బస్తా ఎత్తుతాడు. బండిని మొదటిసారి చూసి చుట్టూ రెండుసార్లు తిరిగి, దీనికి మేతేందని అడిగాడు. బర్రె అని పేరు పెట్టాడు. చెప్పింది వినదు, దాని తొవ్వ దానిదే అని. శిక్షణ అంటే ఒక ఇంగ్లీషు కాగితం, ఏంజెల్ దాన్ని ఒకసారి తెలుగులో చదివి వినిపించింది, అతను వేలిముద్ర వేశాడు. ఇష్టాపు, ఇష్టాపు అని పదిసార్లు పలికి, గిప్పుడు నేను గూడ ఇంగ్లీషోన్నయిన అని తోటివాళ్ళను నవ్వించాడు.

మూడు వారాల కిందటి మంగళవారం. బండి మీద ఎనిమిది బస్తాలు. ఒక పక్క బస్తాల వరస, ఇంకో పక్క గోడ, మధ్యలో దారి. భానుతేజ ముందు నడుస్తూ వీడియో తీస్తున్నాడు, ఏంజెల్ వెనక ల్యాప్‌టాపుతో. పై బస్తా జారుతోంది. అందరికంటే ముందు గండయ్య చూశాడు, చూడటం అతని పని, పరుగున గోడ వైపుకు, అంటే బండికి కుడి పక్కకు పోయి, భుజం ఆనించి బస్తాను ఆపుతూ హోల్డాన్ అన్నాడు. బండి ఆగలేదు. హోల్డాన్ అన్నాడు మళ్ళీ, బండితో పాటే అడ్డంగా నడుస్తూ. నిన్న నేర్చుకున్న మాట ఆ సమయంలో ఎవరికి వస్తుంది, ఇరవై ఏళ్ళుగా లారీలు వెనక్కి పెట్టించిన నోరు అది. ఎలాగో బస్తా సర్దాడు. సర్ది, లారీ పక్కన కొట్టినట్టే బండి పక్కన అరచేత్తో రెండు దెబ్బలు కొట్టి, పని అయిపోయింది, ఇక పో అని, ఎంత ప్రేమగానో, రైట్ రైట్ అన్నాడు. ఆ ఒక్క మాటా బండికి తెలుసు. కుడికి తిరిగింది. కుడి పక్క గండయ్య, గండయ్య వెనక గోడ. ముందున్న కన్నుకు పక్కనున్న మనిషి కనబడడు. ఆ తర్వాత అతను హోల్డాన్ అని అన్నది నాలుగుసార్లు, మొదటి రెండూ కలిపి ఆరు, ఆమె వీడియోలో లెక్కపెట్టింది, ఆఖరిది మాటలా లేదు. బండి మోటారు గోడ వైపుకు నెడుతూనే ఉంది. ఏంజెల్‌కి చేతులు ల్యాప్‌టాపుకు అతుక్కుపోయాయి, ఎంతసేపో తెలియదు, వీడియో ప్రకారం ఏడు సెకన్లు. అప్పుడు ఆమె స్టాప్ అంది. అరవలేదు కూడా, మామూలుగా అంది. బండి వెంటనే ఆగింది. చిన్నపిల్ల మాట విన్నట్టు ఆగింది. అతను ఆరుసార్లు చెప్పిన దానికి ఆగనిది ఆమె ఒక్కసారి చెబితే ఆగింది. ఎంత బాగా నేర్పింది, ఎవరి మాట వినమని నేర్పింది.

కిటికీలో గోదాం వెనక్కి పోయింది. మెడ తిప్పి చూడకుండా ఉండలేకపోయింది, ముసలామె గంప అడ్డం వచ్చింది. ప్రమాదం తర్వాత వచ్చిన ఆదివారం ఆసుపత్రికి నాయినతో పోయింది. నాయిన ఎవరికి ఒంట్లో బాగాలేదన్నా ఒక బ్రెడ్డు పొట్లం కొనుక్కుని పోయి మంచం పక్కన నిలబడి ప్రార్థన చేస్తాడు, వాళ్ళు ఏ దేవుడికి మొక్కుతారన్నది అడగడు. గండయ్య కాలిలో రాడ్డు వేశారు. మోకాలి కింద నుంచి మడమ దాకా కట్టు. ప్రార్థన అయ్యేదాకా చేతులు జోడించే ఉన్నాడు, అయ్యాక ఏంజెల్ వైపు చూసి, ఆమెను చూసి, ఓదార్చాడు. అతను ఓదార్చాడు. ఆమెను.

“పిల్లను ఏమనకురి సారూ,” అన్నాడు నాయినతో. “ఇష్టాపు అనుమని మస్తు సార్లు జెప్పింది. తప్పు నాదే. గా టైముకు నోటికి రాలే. హోల్డాన్ అన్న. మనకు ఇంగ్లీషు ఏడికెళ్ళి వస్తది.”

నాయిన బ్రెడ్డు పొట్లం బల్ల మీద అటుది ఇటు పెట్టాడు, ఇటుది అటు పెట్టాడు. బయటికొచ్చి ఆటో కోసం నిలబడ్డాక, రోడ్డు వైపే చూస్తూ, ఆ మాట పెట్టలేదా బిడ్డా అని అడిగాడు. పెట్టిన నాయినా, మిషన్ అందుకోలే అంది ఆమె. ఎంత తొందరగా వచ్చింది ఆ అబద్ధం, వెతుక్కోవాల్సిన పని కూడా లేకుండా, ఒళ్ళు తగ్గాలని నడుస్తున్నానన్న దాని పక్కనే పెట్టుకుని ఉన్నట్టు. మిషన్ గద, ఏం జేస్తది అన్నాడు నాయిన. తల కూడా ఊపాడు. ఆమె మీద ఉన్న అనుమానాన్ని తీసి మిషన్ మీద పెట్టి తేలికపడ్డాడు, ఆటోలో అరకిలో ద్రాక్ష కొందామా అని అడిగాడు.

ఫణిభూషణ్ సారు చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే సులువు. ఆసుపత్రికి ఆయనా వచ్చారు, డాక్టరుతో మాట్లాడారు, వారం రోజులు ఆయన ముఖంలో కూడా నిద్ర లేదు. తన గదిలో కాగితం ముందు పెట్టి, నువ్వు అబద్ధం రాయట్లేదమ్మా, జాబితాలో ఉన్న మాటలు నాలుగు, అతనన్నది అందులో లేదు, ఇది నిజమే కదా అన్నారు. నిజమే. హోల్డాన్ అంటే నిఘంటువులో మొదటి అర్థం పట్టుకోమనే కదమ్మా, బండి ఆపమని కాదు అన్నారు, అదీ నిజమే. అన్నీ నిజాలే, ఒక్కొక్కటీ విడివిడిగా తీసి చూస్తే తళతళలాడుతున్నాయి. చెత్త అనే ఫోల్డరు సంగతి ఆయనకు తెలియదు. భానుతేజకూ తెలియదు. వీడియో జతచేయనక్కర్లేదు అని మాత్రం సారు అన్నారు, అన్నాక ఆమె కళ్ళలోకి చూడలేదు. భానుతేజ నిన్న క్యాంటీనులో సంతకం పెట్టి పెన్ను ఆమె వైపు జరిపాడు.

“నాకు మాత్రం బాధ లేదా ఏంజెల్? రాత్రిళ్ళు ఆ అరుపే వినిపిస్తోంది. కానీ నువ్వు సంతకం పెట్టకపోతే ఆయన కాలు అతుక్కుంటుందా చెప్పు.”

అతుక్కోదు. కాలు అతుక్కోదు, కానీ తప్పు? తప్పు ఎవరికి అతుక్కుంటుందన్నదే గదా మూడో కాగితం. గోదాం సేటు ముందే చెప్పేశాడట, చెప్పినట్టు చేయనివాడు నాకొద్దు, కాగితం రానీ అని. రేపు గండయ్య కర్ర పట్టుకుని ఆ నీలం గేటు ముందుకొస్తే వాచ్‌మన్ ఆ కాగితం చూపిస్తాడు. గండయ్య ఒప్పుకుంటాడు కూడా, అవును తప్పు నాదే అంటాడు, తనకు తెలిసినవాళ్ళకూ అదే చెబుతాడు, చచ్చేదాకా నమ్ముతాడు, ఒక పూట ఇంగ్లీషు సరిగా రాక కాలు విరగ్గొట్టుకున్నానని. నమ్మేవాళ్ళే దొరుకుతారు ఏంజెల్‌కి. నాయిన, గండయ్య. వాళ్ళ నమ్మకం మీదే గదా రెండేళ్ళు చదివింది.

టైము పది ఇరవై. కాలేజీ ఇంకా పావుగంట. శామీర్‌పేట రాకముందే దిగాలి, దిగి గేటు నుంచి నడిచేసరికి పదీ ముప్పావు, కమిటీ ముందు కూర్చుని సంతకం పెడితే అందరూ చూస్తారు, పెట్టేదేదో ఇక్కడే పెట్టేస్తే నయం. పెట్టేద్దాం. ఫైలు తీసి ఒళ్ళో పెట్టుకుంది. పెన్ను మూత తీసింది. ఏడాది పోతే మళ్ళీ ఏడాది కాదు, వయసు ఇరవై నాలుగు, నాయిన పెన్షను, ఉద్యోగానికి పిలుస్తామన్న కంపెనీ ఒక్కటుంది, ఏడాది ఆగుతుందా అది. పెట్టేద్దాం. పెన్ను గీత మీద ఆనించింది. గుంత. ఏ అనే అక్షరం పుట్టబోయి గీతగా సాగిపోయింది. రోడ్డు బాగయ్యేదాకా ఆగుదామనుకుంది. బస్సు ఆగింది.

ముసలామె స్టేజీ. గంప ముందు కింద పెట్టి, ఒక కాలు నేల మీద మోపింది, రెండో కాలు మెట్టు మీదే ఉంది, అప్పుడే కండక్టరు ముందు తలుపు దగ్గర, మనుషుల మధ్య ఎక్కడో, వెనక కనబడక, అందరూ దిగారనుకుని, రైట్ రైట్ అంది. బస్సు కదిలింది. ముసలామె రెండో కాలు కూడా దించింది, కానీ చీర కుచ్చిళ్ళు మెట్టు దగ్గర లేచిన రేకుకు పట్టుకున్నాయి. ఆమె ఒక చేత్తో కమ్మీ పట్టుకుని బస్సుతో పాటు అడ్డంగా నడవసాగింది. అడ్డంగా. గండయ్య నడిచినట్టే. ఏంజెల్ లేచింది, ఫైలు కింద పడింది, స్టాప్ అంది. స్టాప్, స్టాప్ అని అరిచింది. ముందు సీటువాళ్ళు వెనక్కి తిరిగి చూశారు, ఏమైందేమైంది అన్నారు, బస్సు ఆగలేదు, వేగం అందుకుంటోంది, ముసలామె ఇప్పుడు నడవడం లేదు, పరుగెడుతోంది, నోరు తెరుచుకుంది, అందులోంచి శబ్దం రావడం లేదు. ఏంజెల్ మళ్ళీ నోరు తెరిచింది. ఏ మాట అనాలో ఆలోచించలేదు.

“హోల్డాన్.”

తన గొంతు కాదది. పొట్టలోంచి వచ్చింది, జనం నిండా ఉన్న బస్సులో ఈ చివర నుంచి ఆ చివరకు పోయే గొంతు, ఇరవై రకాలుగా విని ఇరవైసార్లు చెత్తలో వేసిన గొంతు. డ్రైవరు అద్దంలో చూడలేదు, ఎందుకని అడగలేదు. ఆ మాట చెవికి చేరీ చేరకముందే కాలు బ్రేకు మీద పడింది. నిలబడ్డవాళ్ళంతా ముందుకు తూలారు. బస్సు ఆగింది.

ఏంజెల్ మెట్టు మీద కూర్చుని రేకు నుంచి చీరను విడదీసింది, ఆ తొందరలో జానెడు చిరిగింది. ముసలామె అక్కడే మట్టిలో కూలబడి కాసేపు ఊపిరి తీసుకుని, చిరిగిన అంచు చూసుకుని, ఏంజెల్ తల మీద చెయ్యి పెట్టి, సల్లగుండు బిడ్డా అంది. గంప వెనక ఎక్కడో ఉండిపోయింది, ఎవరో తేవడానికి పోయారు. కండక్టరు మనుషుల్ని తోసుకుని వచ్చి చూసి ముఖం తెల్లబోయి, ముసలామెకు తన సీసాలో నీళ్ళు తాగించింది. డ్రైవరు సీటులోంచే వెనక్కి తిరిగాడు, నెరిసిన మీసాలవాడు.

“హోల్డాన్ అన్నది ఎవ్వలమ్మా?” అన్నాడు. “కండక్టర్ల బిడ్డవా ఏంది?”

బస్సంతా చూస్తోంది. ఎప్పటి నుంచో భయపడుతున్నది ఇదే, ఇలాగే, నలభై జతల కళ్ళు, ఆ ప్రశ్న.

“అవును,” అంది ఏంజెల్. “సత్యానందం బిడ్డను. మేడ్చల్ డిపో.”

ఎవరూ నవ్వలేదు. డ్రైవరు, సత్యానందమా, మనిషి మంచిగున్నడా అని అడిగాడు. ఉన్నాడంది. అది చెప్పేసరికి ఏడుపొచ్చింది, ఎందుకో ఇన్నాళ్ళూ రానిది ఇప్పుడు వచ్చింది, చున్నీతో ముఖం తుడుచుకుని కింద పడిన ఫైలు తీసుకుంది. మూడో కాగితం మీద ఎవరిదో చెప్పు ముద్ర. సీటులో కూర్చుని, ఫైలు మోకాళ్ళ మీద పెట్టుకుని, బస్సు ఆగి ఉన్నంతసేపే అక్షరాలు కుదురుగా వస్తాయని తొందరగా, ఆ వాక్యాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు కొట్టేసింది. దాని కింద తెలుగులోనే రాసింది. గండయ్య ఆపమనే చెప్పాడు. ఆరుసార్లు చెప్పాడు. హోల్డాన్ అంటే ఆపమని ఇక్కడ అందరికీ తెలుసు, నాకూ తెలుసు. మా నాయిన గొంతుతో ఆ మాట నా దగ్గర ఇరవైసార్లు రికార్డయి ఉంది. సిగ్గుపడి బండికి నేర్పలేదు. తప్పు నాది. వీడియో జతచేస్తున్నాను. ఇంత రాశాక చోటు మిగల్లేదు, గీత దాటి అంచు దాకా వచ్చింది. గీరుకుపోయిన అక్షరం పక్కనే తన పేరు మొత్తం, తోకా చుక్కలూ లేకుండా రాసింది. ఏడాది పోతుంది. భయంగానే ఉంది, భయం ఏమీ తగ్గలేదు. సాయంత్రం ఇంటికెళ్ళి నాయినకు చెప్పాల్సింది ఇంకొకటుంది, పెట్టిన నాయినా అన్న మాట సంగతి, అది ఈ కాగితం కంటే కష్టం.

గంప దొరికింది. ముసలామె దాన్ని నెత్తిన పెట్టుకుని రోడ్డు దిగి మక్కచేను పక్కన కాలిబాట పట్టింది. కండక్టరు ఈసారి వెనక తలుపు దాకా వచ్చి, కిందికి వంగి, మెట్టు చూసి, మెట్టు కింద చూసి, ఎవరూ లేరని రూఢి చేసుకుని, రేకు మీద అరచేత్తో రెండు దెబ్బలు కొట్టింది. రైట్ రైట్ అంది.

బస్సు కుడికి తిరగలేదు. తిన్నగా ముందుకు పోయింది.